ఖాళీ జాగాకూ కిరాయే: విదేశాల నుంచి మోడల్ కిట్లు తెప్పించుకుంటున్న పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. ప్లాస్టిక్ విమాన నమూనాలు అతికించి, రంగులు వేసి అలమారాలో పెట్టుకోవడం నా వ్యాపకం. ఆర్కే బీచ్ ఎదుట నిలిపిన నౌకాదళపు టీయూ-142 విమానాన్ని 1/72 స్కేలులో, అంటే అసలు కొలతల్లో 72వ వంతుగా, చేయాలని ఎన్నాళ్లగానో కోరిక. ఒక విదేశీ దుకాణంలో ఆ కిట్ దొరికింది. ధర మన డబ్బుల్లో సుమారు ఎనిమిది వేలు. చిరునామా ఇచ్చి చూస్తే కొరియర్ ఖర్చే ఆరు వేలు చూపించింది. గుండె రాయి చేసుకుని కట్టాను. దానితోపాటు అడిగిన రంగు సీసాలను, స్ప్రే డబ్బాను మాత్రం విమానంలో పంపడం కుదరదంటూ తీసేసి, ఆ డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇప్పుడు పెట్టె మన దేశం చేరి కస్టమ్స్‌లో ఆగింది. గుర్తింపు పత్రాలు పంపమని కొరియర్ వారి నుంచి మెయిల్ వచ్చింది. సుంకం ఇంకెంత పడుతుందో తెలియదు. ఇకమీదట ‘గిఫ్ట్’ అని రాయించమని ఒక మిత్రుడు, బిల్లులో విలువ తగ్గించి వేయించమని మరొక మిత్రుడు చెబుతున్నారు. నా భార్య తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అతని ద్వారా తెప్పించుకోవడం మంచిదా? అసలు ఇంత ఖర్చుతో ఈ వ్యాపకాన్ని కొనసాగించవచ్చా?

సమాధానం: ముందు ఆగిన పెట్టె సంగతి చూడండి, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలు వారం ఆగినా ఫరవాలేదు గానీ అది ఆగదు. కొరియర్ సంస్థ మీ తరఫున కస్టమ్స్ ఎదుట పత్రాలు దాఖలు చేస్తుంది కాబట్టి, ఆధార్, పాన్, పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రాల ప్రతులను అడగడం మామూలే. వాటిలో ఉన్న పేరు పెట్టె మీది పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చాలామంది ఇంటిపేరును ఒకచోట పొట్టి అక్షరంగా, మరొకచోట పూర్తిగా రాసి, ఆ తేడాకే నాలుగు రోజులు పోగొట్టుకుంటారు. దుకాణం ఇచ్చిన బిల్లు, మీ కార్డు నుంచి డబ్బు వెళ్లినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ, ఆ కిట్ అమ్మకపు పేజీ ముద్రిత ప్రతి జతచేయండి. ఆధార్ ప్రతి మీద అది ఏ పార్శిల్ కోసం, ఏ తేదీన ఇచ్చినదో అడ్డంగా రాసి పంపడం మంచి అలవాటు. గడువు దాటితే గిడ్డంగి అద్దె మొదలవుతుంది, ఇంకా ఆలస్యమైతే పెట్టెను వెనక్కి పంపేస్తారు. వెనక్కి వెళ్లిన సరుకుకు దుకాణదారుడు మొదటి రవాణా ఖర్చు తిరిగి ఇవ్వడం అరుదు.

అయితే ఆ మెయిల్ నిజంగా కొరియర్ వారిదేనా అన్నది చూసుకున్న తరువాతే పత్రాలు పంపండి. మెయిల్‌లోని లంకెను నొక్కవద్దు. సంస్థ వెబ్‌సైటును మీరే తెరిచి, ట్రాకింగ్ నంబరు కొట్టి, అక్కడ కూడా అదే మాట కనిపిస్తేనే ముందుకు వెళ్లండి. పార్శిల్ ఆగిందని, పాతిక రూపాయలు కడితే వదులుతామని సందేశాలు పంపి కార్డు వివరాలు లాగేవారు, మీ పెట్టెలో మాదకద్రవ్యాలు దొరికాయని ఫోనులో బెదిరించేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. నిజంగానే పెట్టె కోసం ఎదురుచూస్తున్న మనిషి వారికి తేలిగ్గా చిక్కుతాడు. అటువంటి ఫోను వస్తే మాట పెంచకుండా పెట్టేసి 1930కి ఫిర్యాదు చేయండి.

ఇక ఆరు వేల రూపాయల రవాణా ఖర్చు. అందులో మీ కిట్ బరువుకు కట్టినది కొంతే, మిగిలినదంతా పెట్టెలోని ఖాళీకి కట్టినది. కొరియర్ సంస్థలు కాటా మీది బరువు ఒకటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోలుగా తీసుకుంటాయి. వాల్యూమెట్రిక్ బరువు అనేది ఇదే. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి, అదీ పై అరకిలోకు సర్ది. మీరు కోరుకున్న విమానం అసలు పొడవు దాదాపు 53 మీటర్లు, రెక్కల విస్తారం 50 మీటర్లు. 1/72 స్కేలులో చేస్తే పూర్తయిన నమూనా 73 సెంటీమీటర్లు దాటుతుంది. దాని పెట్టె 75 × 40 × 12 సెంటీమీటర్లు ఉందనుకుందాం. గుణించి భాగిస్తే 7.2 కిలోలు వస్తుంది, కొరియర్ వారు దాన్ని ఏడున్నర కిలోలుగా లెక్కిస్తారు. లోపలి ప్లాస్టిక్‌ను కాటా మీద పెడితే రెండు కిలోలు తూగడం కష్టం. ఇంతటితో అయిపోలేదు. దుకాణదారుడు జాగ్రత్త కోసం దాన్ని మరో పెద్ద అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ అన్ని వైపులా రెండున్నర సెంటీమీటర్ల మెత్త వేశాడనుకోండి. కొలతలు 80 × 45 × 17 అవుతాయి, లెక్క 12 కిలోలు దాటిపోతుంది. మీరు కట్టే ఖర్చును తేల్చేది ఆ రెండున్నర సెంటీమీటర్లే.

కాబట్టి ధర తగ్గించమని దుకాణదారుణ్ని బతిమాలడం కంటే, డబ్బు కట్టక ముందే ఆయనకు ఒక చిన్న ఉత్తరం రాయడం లాభం. ప్యాక్ చేసిన పెట్టె బయటి కొలతలు ఎంత, రెండో పెట్టె లేకుండా గట్టి అట్ట చుట్టి పంపగలరా, అసలు పెట్టె వదిలేసి భాగాల ఫ్రేములను సంచుల్లోనే ఉంచి చిన్న పెట్టెలో సర్దగలరా అని అడగండి. మోడల్ కిట్లు అమ్మే దుకాణదారులకు ఇవి కొత్త ప్రశ్నలు కావు. పెట్టె మీది బొమ్మ కోసం పెట్టెను దాచుకునేవారు మనలో చాలామందే ఉన్నారు, ఆ మోజు నాకు అర్థమవుతుంది. కానీ ఆ బొమ్మకు మూడు వేల రూపాయల కిరాయి కట్టడం నాకు సబబుగా తోచదు. అసలు పెట్టె లేకుండా తెప్పించుకుంటే కాక్‌పిట్ అద్దాల ఫ్రేమును విడిగా మెత్తటి కాగితంలో చుట్టమని, డెకాల్స్ (నమూనా మీద అంటించే గుర్తులు, అంకెలు) ఉన్న కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టమని మాత్రం తప్పకుండా చెప్పాలి. గీతపడిన అద్దాన్ని, మడతపడిన డెకాల్‌ను బాగుచేసుకోవడం చాలా కష్టం.

స్కేలు గురించి కూడా ఒకసారి ఆలోచించండి. టీయూ-95, టీయూ-142 కుటుంబపు విమానాలు 1/144 స్కేలులో కూడా వచ్చాయి. పూర్తయిన నమూనా 37 సెంటీమీటర్లు ఉంటుంది. పెట్టె 40 × 25 × 7 సెంటీమీటర్లయితే లెక్కకు వచ్చేది 1.4 కిలోలు, అంటే ఒకటిన్నర కిలోల ఖర్చు. ఇంట్లో అలమారా అర కూడా మిగులుతుంది, ఇది మీ ఇల్లాలికి చెప్పదగిన మాట. ఏ స్కేలులో కొన్నా ఒక విషయం మరవవద్దు: 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసినవి, మీ బీచ్‌లో నిలిచి ఉన్నది, టీయూ-142ఎంకే-ఈ రకం విమానాలు. ఆ కుటుంబంలో వేరే రకాలు కూడా ఉన్నాయి, వాటి యాంటెన్నాలూ ముక్కూ తోకా వేరుగా ఉంటాయి. పెట్టె మీద ఏ రకం అని రాసి ఉందో చూడకుండా కొంటే, విదేశానికి తిరిగి పంపే ఖర్చు కిట్ ధరను మించవచ్చు. ఒక ఫ్రేము తక్కువ వచ్చినా, విరిగి వచ్చినా మొత్తం పెట్టెను వెనక్కి పంపవద్దు. పెట్టె విప్పేటప్పుడే ఫోటోలు తీసి, ఆ భాగం ఒక్కదాన్నే పంపమని తయారీదారుకు గానీ దుకాణానికి గానీ రాయండి. అది కవరులో వస్తుంది.

తపాలా మార్గం నెమ్మది, కానీ కొరియర్ కంటే చాలాసార్లు చౌక. తపాలా సంస్థలు ఎక్కువగా కాటా బరువునే చూస్తాయి, కొలతలకు ఒక గరిష్ఠ పరిమితి మాత్రమే పెడతాయి. డెకాల్స్, ఇత్తడి రేకు భాగాలు, రెజిన్ చక్రాలు, సన్నటి డ్రిల్లు ముళ్లు వంటి పలుచని, తేలికైన వస్తువులకు నేనైతే కొరియర్ పేరే ఎత్తను. అవి ట్రాకింగ్ ఉన్న చిన్న ప్యాకెట్‌గా వస్తే చాలు. విదేశీ తపాలా చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా వంటి చోట్ల ఉన్న విదేశీ తపాలా కార్యాలయాల ద్వారా వస్తుంది. అక్కడి కస్టమ్స్ సుంకం నిర్ణయిస్తే, పోస్ట్‌మ్యాన్ దాన్ని మీ గుమ్మం దగ్గర వసూలు చేసి రసీదు ఇస్తాడు. ట్రాకింగ్‌లో కస్టమ్స్ దగ్గర ఉన్నట్టు రెండు వారాలు కదలకుండా కనిపించినా కంగారు పడనవసరం లేదు. నెల దాటితే మాత్రం తపాలా శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

సుంకం విషయంలో మీరు తెలుసుకోవలసినది రేటు ఒక్కటే కాదు. వ్యక్తిగత వినియోగానికి తపాలాలో గానీ విమానంలో గానీ వచ్చే వస్తువులకు కస్టమ్స్ టారిఫ్ 98వ అధ్యాయంలో వేరే శీర్షిక ఉంది. రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది కనుక ఆర్డరు పెట్టే రోజున చూసుకోవాలి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇది: వస్తువు ధరకు రవాణా, బీమా ఖర్చులను కలిపి వచ్చిన విలువ మీద మూల కస్టమ్స్ సుంకం వేస్తారు, వర్తించే చోట ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి కలుపుతారు, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) వేస్తారు. రవాణా ఖర్చు మీద కూడా సుంకం పడుతుందని తెలిసి చాలామంది ఉసూరుమంటారు. అయితే కొనుగోలుదారులకు అంతగా తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ణయ నిబంధనల ప్రకారం, విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా, సుంకం లెక్కలోకి తీసుకునేది వస్తువు ధరలో 20 శాతాన్ని మించకూడదు.

మీ కిట్‌కే వేసి చూద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు మూల సుంకం 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. మీరు రవాణాకు ఆరు వేలు కట్టినా, ఎనిమిది వేల కిట్ మీద లెక్కకు వచ్చేది 1,600 రూపాయలే. బీమా ఖర్చు ఎంతో తెలియనప్పుడు నిబంధన ప్రకారం ధరలో 1.125 శాతం, అంటే 90 రూపాయలు కలుపుతారు. మొత్తం 9,690. దాని మీద సుంకం 969, సర్‌చార్జి 97, ఐజీఎస్టీ 1,936, వెరసి దాదాపు మూడు వేల రూపాయలు. ఆరు వేలనూ పూర్తిగా కలిపి లెక్కిస్తే ఇదే మొత్తం 4,365 అవుతుంది. కాబట్టి కొరియర్ వారు పంపే పత్రంలో విలువ అన్న గడి చూడండి. పూర్తి రవాణా ఖర్చు అందులో కలిసి ఉంటే, డబ్బు కట్టక ముందే ఈ నిబంధనను ప్రస్తావించి సరిదిద్దమని లిఖితపూర్వకంగా అడగండి. సుంకం కాక, మీ తరఫున ముందుగా చెల్లించినందుకు కొరియర్ వారు తీసుకునే రుసుము వేరుగా ఉంటుంది. అది ప్రభుత్వానికి పోయేది కాదు, సంస్థను బట్టి మారుతుంది. అది ఎంతో ఆర్డరుకు ముందే వారి వెబ్‌సైటులో చూసి మీ లెక్కలో వేసుకోండి.

విమాన నమూనాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. టారిఫ్‌లో స్కేలు నమూనాలు ఆటబొమ్మలతో కలిసి 9503 శీర్షిక కింద ఉన్నాయి. ఆటబొమ్మల మీద మూల సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పైగా 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మీ పెట్టెను ఆ కంటితో చూస్తే సుంకం తడిసి మోపెడవుతుంది, లేదా పెట్టె అక్కడే ఆగుతుంది. అయితే ఆ నాణ్యతా ఉత్తర్వు వర్తించేది 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేందుకు ఉద్దేశించిన వస్తువులకు. అందుచేత మీ వివరణలో ‘బొమ్మ’ అన్న మాట రాకూడదు. విడి భాగాలను అతికించి, రంగులు వేసి పెద్దలు తయారుచేసుకునే ప్లాస్టిక్ నమూనా అని, వ్యక్తిగత వినియోగానికి ఒకే ఒకటి తెప్పించుకున్నానని రాయండి. పెట్టె మీద వయసు 14 పైన అని ముద్రించి ఉంటే ఆ ఫోటో జతచేయండి. తుది నిర్ణయం కస్టమ్స్ అధికారిదే అయినా, స్పష్టంగా రాసిన అర పేజీ వివరణ ఆయన పనిని కూడా తేలిక చేస్తుంది.

మీ మిత్రుల సలహాలు రెండూ పక్కన పెట్టండి. ఐదు వేల రూపాయల దాకా బహుమతులకు సుంకం లేని రోజులు ఒకప్పుడు ఉండేవి. ఆ వెసులుబాటును ఆన్‌లైన్ అమ్మకాలకు వాడుకోవడం మితిమీరడంతో, 2019 డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ దాన్ని ఎత్తివేసింది. బహుమతిగా మినహాయింపు కోరుతూ తపాలాలో, కొరియర్‌లో సరుకు రప్పించడం ఇప్పుడు నిషిద్ధం. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు ఉంది. రాఖీతోపాటు పంపే కానుకకు కూడా అది వర్తించదు. పూర్తి సుంకం కట్టేటట్టయితే బహుమతి రావచ్చు గానీ, అప్పుడు ఆ మాట రాయించి మీకు ఒరిగేదేమీ లేదు. విలువ తగ్గించి రాయించడం దీనికంటే చెడ్డది. పత్రాల్లో రాసిన విలువతో పొసగని సరుకును స్వాధీనం చేసుకునే అధికారం కస్టమ్స్ చట్టం 111వ సెక్షను ఇస్తోంది, జరిమానా వేరు. అధికారులు అదే కిట్ ధరను ఒక్క నిమిషంలో వెతికి పట్టుకోగలరు. ఎనిమిది వేల కిట్‌ను రెండు వేలని రాయించారనుకోండి, దారిలో పెట్టె పోతే బీమా వారిచ్చేది కూడా ఆ రెండు వేలే. బ్యాంకు ఉద్యోగి ఇటువంటి కాగితం మీద తన పేరు చూసుకోవలసిన అవసరం ఏముంది?

కలిపి తెప్పించుకుంటే చౌక కాదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకు నిజమే, మొదటి అరకిలోకు పడే ధర తరువాతి అరకిలోలకు పడదు. మీ కోసం రెండు మూడు వేర్వేరు కిట్లు ఒకే పెట్టెలో రప్పించడం తెలివైన పనే. నలుగురు మిత్రుల ఆర్డర్లను ఒకరి పేరున రప్పించడం మాత్రం నేను సమర్థించను. ఒకే కిట్ నాలుగు ప్రతులు కనిపిస్తే వ్యక్తిగత వినియోగమన్న మాట నిలవదు, అప్పుడు వాణిజ్య దిగుమతికి ఉండే పత్రాలన్నీ అడుగుతారు. చెల్లింపు దగ్గర ఒక్క జాగ్రత్త చాలు: రూపాయల్లో కడతారా అని వెబ్‌సైటు అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే కట్టండి, ఎందుకంటే ఆ సౌకర్యం వెనుక మారకపు రేటు సాధారణంగా మీ కార్డు రేటు కంటే ఎక్కువగా ఉంటుంది.

రంగుల విషయంలో దుకాణదారుడి తప్పేమీ లేదు. లాకర్ అనే రకం రంగులు, ఎనామెల్ రంగులు మండే ద్రవాలు, స్ప్రే డబ్బాలో ఉండేది ఒత్తిడిలో ఉన్న మండే వాయువు. వాటిని మామూలు పార్శిల్‌గా విమానం ఎక్కించనివ్వరు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచటి జిగురుదీ అదే కథ. వీటి కోసం విదేశాల వైపు చూడడమే అనవసరమని నా అభిప్రాయం. నీటితో పలుచన చేసే మోడల్ అక్రిలిక్ రంగులను దిగుమతి చేసుకుని అమ్మే దుకాణాలు మన దేశంలోనే ఉన్నాయి. సీసా ధర ఎక్కువగా కనిపించినా, రవాణా, సుంకం కలిపి చూస్తే అది అన్యాయమైన ధర కాదు. ప్రైమరుకు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూతకు, కారు పెయింట్లు అమ్మే దుకాణంలో దొరికే బూడిదరంగు స్ప్రే డబ్బా సరిపోతుంది. దూరం నుంచి పలుచగా, రెండు మూడు విడతలుగా కొట్టాలి, దగ్గర నుంచి తడిపేస్తే ప్లాస్టిక్ మెత్తబడి రివెట్ల గీతలు చెరిగిపోతాయి. అక్కడే దొరికే ఎన్‌సీ థిన్నర్ కిట్ల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను కాస్త కరిగిస్తుంది గనుక, సన్నటి కుంచెతో అతుకు వెంట ఒక గీత గీస్తే రెండు ముక్కలూ అతుక్కుంటాయి. ముందు పారవేసే ఫ్రేము ముక్క మీద ప్రయత్నించి చూడండి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పనిచేయండి. అతుకులు నున్నగా చేసుకునేందుకు 400 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్ హార్డ్‌వేర్ దుకాణంలోనే దొరుకుతుంది. అదే కాగితం చిన్న ముక్కలుగా, రంగుల ప్యాకెట్‌లో, మూడింతల ధరకు విదేశాల నుంచి రప్పించుకునేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

వ్యాపకం మానవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఈసారి కిట్ ఎలాగూ వచ్చేసింది, సుంకం కట్టి తీసుకోండి. పద్నాలుగు వేలు పోసి తెచ్చిన వస్తువును సుంకానికి వెరచి వదులుకోవడంలో పొదుపు లేదు. ఇకమీదట బటన్ నొక్కే ముందు కాగితం మీద కిట్ ధర, రవాణా, సుంకం, కొరియర్ రుసుము, కార్డు ఖర్చు వేసి కూడండి. ఆ మొత్తాన్ని మన దేశంలోని దుకాణం అడిగే ధర పక్కన పెట్టండి. పెద్ద పెట్టెల విషయంలో ఇక్కడి దుకాణమే గెలిచే సందర్భాలు మీరనుకున్నదానికంటే ఎక్కువ.

ఇక డాలస్‌లోని మీ బావమరిది. పెద్ద కిట్లకు అతనే మంచి దారి. అమెరికాలోని దుకాణం నుంచి అతని ఇంటికి చేర్చే ఖర్చు తక్కువ, ప్రయాణికుల సామానుకు నిర్ణీత విలువ దాకా సుంకం ఉండదు. అయితే అతని సూట్‌కేసులో మీ ఇంట్లోవారి జాబితా కూడా ఉంటుందన్నది మరవకండి. ప్రయాణం ఖాయమయ్యాకే కిట్ కొనమనండి. పెట్టె అక్కడే వదిలేసి, ఫ్రేములను సంచులతో సహా బట్టల మధ్య పరచమనండి. డెకాల్స్, అద్దాలు చేతి సంచిలో ఒక పుస్తకం మధ్య పెట్టుకోవచ్చు. కొన్న బిల్లు ప్రతి ఫోనులో ఉంచుకుంటే విమానాశ్రయంలో ఎవరైనా అడిగినప్పుడు చూపించగలడు. మండే రకం రంగులు, థిన్నర్, ప్లాస్టిక్‌ను కరిగించే జిగురు మాత్రం ఎంత చిన్న సీసా అయినా తీసుకురావద్దని ముందే గట్టిగా చెప్పండి. అవి చెకిన్ సామానులో కూడా నిషిద్ధమే.